వేఱు కంచము

సోదరీమణులారా! వంటలను, పసిపాపల పోషణమును, నోములను, కుట్టుపనులను గుఱించి చదువుకొనుటకు మీరు తెఱచిన యీ పుటలలో నేడు మేము వేఱొక ప్రసంగము చేయబూనితిమి. పేరు విన్నంతనే పుట త్రిప్పివేయవలదని ప్రార్థించుచున్నాము. అది హెచ్.ఐ.వి. అను వైరసును గుఱించినది. అంతకంటె ముఖ్యముగా, ఆ వైరసు సోకినవారికి తోడుగా నిలుచు ఒక చిన్న సంఘమును గుఱించినది. నలుగురాడువారు కూర్చున్నచోట ఈ పేరెత్తుట మర్యాద కాదని మనలో పెక్కుమంది తలంపు. కాని మనము పేరెత్తనంత మాత్రమున వ్యాధి వీధిలోనే నిలిచిపోవుట లేదు. 2021వ సంవత్సరపు లెక్కలనుబట్టి మన దేశమున ఈ వైరసుతో జీవించువారు సుమారు 24 లక్షలమంది. వారిలో పదింట నాలుగుపాళ్ళకు మించి స్త్రీలు. ఆ స్త్రీలలో ననేకులు పెండ్లినాడు పట్టిన చేయి తప్ప మఱియొక చేయి యెఱుగనివారు. ఇట్టి సంగతి గృహిణులు చదువు పత్రికలో గాక మఱెచ్చట వ్రాయవలెను?

మా వారు బడిపంతులు. ఖమ్మము నుండి భద్రాచలమునకు బోవు దారిలో, మైదానము ముగిసి అడవి మొదలగుచోట మా కాపురము. ఈ సీమ నెఱుగనివారి కొఱకు కొంచెము చెప్పవలసి యున్నది. ఒకవైపు గోదావరి, ఒకవైపు టేకు, ఇప్ప, తునికి చెట్ల యడవి, అందు కోయలును, కొండరెడ్లును తరతరములుగా నివసించు గూడెములు. భద్రాద్రిరాముని కల్యాణమునకు ఏటేట వచ్చు యాత్రికులు, కొత్తగూడెము మణుగూరుల బొగ్గుగనులు, సారపాక కాగితపు మిల్లు, విజయవాడ వైపునుండి భద్రాచలము, చింతూరు, కుంటల మీదుగా జగదల్పూరునకు బోవు పెద్దరోడ్డు, దానిపై రేయింబవళ్ళు నడచు లారీలు, ఇవియన్నియు మా యిరుగుపొరుగులు. మిరపకోతల కాలమున ఛత్తీస్‌గఢ్ నుండి కుటుంబములకు కుటుంబములే మూటలు నెత్తిన బెట్టుకొని ఖమ్మపు చేలకు దిగును. 2005 తరువాత ఆవలి యడవులలో చెలరేగిన పోరువలన ఇండ్లు విడిచివచ్చి ఇచ్చట గుడిసెలు వేసికొన్న గుత్తికోయలును గలరు. 2014లో రాష్ట్రము రెండైనపుడు గోదావరి తీరపు మండలములు కొన్ని ఆంధ్రప్రదేశమున జేరినవి. భద్రాచల పట్టణము తెలంగాణమున నిలిచినది. కావున మా వద్ద ఊరుదాటిన రాష్ట్రము మాఱును, మఱికొంత దూరము పోయిన మూడవ రాష్ట్రము వచ్చును. ఇల్లు విడిచి పలుదినములు తిరుగు మగవారును, పూటగడవక రోడ్డు ప్రక్కన నిలువవలసిన స్త్రీలును గల చోట ఈ వ్యాధికి దారి దొరకుట వింత గాదు. 2021 లెక్కలలో దేశమంతటను పెద్దవారిలో వేయింటికి ఇద్దరికి ఈ వైరసుండగా, తెలంగాణమున వేయింటికి సుమారు అయిదుగురికి, ఆంధ్రప్రదేశమున ఏడుగురికి గలదు.

ఈ వ్యాధి చరిత్రము మన జీవితకాలమునకు మించినది కాదు. 1981లో అమెరికా వైద్యులు దీనిని మొదట గుర్తించిరి. 1983లో ప్యారిస్ నగరమున ఫ్రాన్స్వాజ్ బారె-సినూసి యను విదుషీమణియు, లుక్ మోంటాన్యె యను వైద్యుడును తమవారితో గలసి వైరసును కనుగొనిరి. 2008లో వారిరువురకును నోబెల్ బహుమానము లభించెను. మన దేశమున దీనిని మొదట పట్టి చూపినవారును స్త్రీలే. 1986లో మద్రాసునందు డాక్టరు సునీతి సాల్మన్ గారును, ఆమె శిష్యురాలు సెల్లప్పన్ నిర్మల గారును పరీక్షలు చేసి, ఈ వైరసు భారతదేశమున నున్నదని ఋజువుచేసిరి. అంతవరకు ఇది పరదేశపు జబ్బని నమ్మినవారు పెక్కుమంది.

వైరసు సోకు మార్గములు నాలుగే. వైరసుగల వ్యక్తితో రక్షణలేని దేహసంపర్కము, పరీక్షింపని రక్తము నెక్కించుట, ఒకరికి వాడిన సూదిని మఱియొకరికి వాడుట, గర్భవతియైన తల్లినుండి కడుపులోనో, కాన్పులోనో, చనుబాల ద్వారముననో బిడ్డకు జేరుట. ఇంతకుమించి లేదు. ప్రక్కన కూర్చున్న సోకదు, చేయి పట్టుకొన్న సోకదు, దగ్గిన, తుమ్మిన సోకదు, దోమకాటున సోకదు, ఒకే బావినీరు త్రాగిన, ఒకే కంచమున భుజించిన, ఎంగిలి తినిన సోకదు. ఈ కడపటి మాటను మీరు మఱియొకమాఱు చదువవలెనని కోరుచున్నాము. మా వ్యాసమంతయు దానిపైననే నిలిచియున్నది.

ఇక మందుల సంగతి. తొలి పదునైదేండ్లును ఈ వ్యాధి యనిన మరణమే. 1996 ప్రాంతమున రెండు మూడు మందులు కలిపి యిచ్చు వైద్యము వచ్చి మరణము వెనుకంజవేసెను. కాని ఏడాదికి పదివేల డాలర్లకు మించిన ఆ మందులను బీదవాడెట్లు కొనగలడు? 2001లో బొంబాయి సిప్లా కంపెనీవారు ఏడాది మందును 350 డాలర్లకే యిత్తుమని ప్రకటించి లోకము నాశ్చర్యపఱచిరి. 2004 ఏప్రిల్ 1వ తేదీ నుండి మన ప్రభుత్వము కొన్ని ఆసుపత్రులలో ఉచితముగా మందు లిచ్చుట మొదలిడెను; నేడు పెక్కు జిల్లాలలో ఏ.ఆర్.టి. కేంద్రములున్నవి. 2017 నుండి వైరసున్నదని తేలిన ప్రతివానికిని వెంటనే మందు ప్రారంభించుచున్నారు. ఇప్పుడు పెద్దలలో పెక్కుమందికి మూడు మందులు కలిపిన ఒకే మాత్ర, దినమున కొక్కటి. క్రమము తప్పక వేసికొనువారి రక్తమున వైరసు పరీక్షకు దొరకనంతగా తగ్గును; అట్లు తగ్గి నిలిచినవారినుండి దాంపత్యమువలన మఱియొకరికి సోకదని 2016లోను ఆ తరువాతను వెలువడిన పరిశోధనలు తేల్చినవి. ఈ మందులను ప్రపంచమున విరివిగా తయారుచేయు కంపెనీలలో హైదరాబాదు కంపెనీలు గలవు. ఆఫ్రికా ఖండపు తల్లి వేసికొను మాత్ర, మా యూరినుండి ఒక రాత్రి బస్సుప్రయాణమున నున్న నగరమున తయారగుట గర్వింపదగిన విషయమే గదా!

మందు ఇంత సులభమైన పిమ్మటను మనుష్యు లేల చచ్చుచున్నారని మీరడుగవచ్చును. మేమును అడిగితిమి. దానికి మాకు దొరికిన యుత్తరము వైద్యగ్రంథములలోనిది గాదు, మన వంటయింటిలోనిది. వైరసున్నదని తెలిసిన కోడలికి వేఱు కంచము, వేఱు గ్లాసు, వెనుక వసారాలో వేఱు చాప యేర్పడును. ఆ కంచమును జూచి ఇరుగుపొరుగు ఊహించును. ఊహించునని వెఱచి ఆమె మాత్రలను పప్పుడబ్బాలోనో, బట్టల మడతలలోనో దాచును. దాచిన మాత్ర వేళకు చేతికందదు. వేళ తప్పిన మాత్ర పనిచేయదు. పైపెచ్చు వైరసు ఆ మందునకు లొంగకుండ మొండికెత్తును. కావున ఆమెను చంపునది సగము వైరసు, సగము కంచము.

మా ప్రాంతపు జనులు ఒక నదినే శబరి యని పిలుచుకొనుచున్నారు. అది కూనవరమువద్ద గోదావరిలో గలియును. వాల్మీకి మహర్షి కావ్యమున శబరి అడవిఫలములు సేకరించి యుంచి రామునకు సమర్పించెనని మాత్రమే గలదు. తాను కొఱికి రుచి చూచి యిచ్చెనను మాట తరువాతి భక్తులు చేర్చినది. ఎవరు చేర్చినను, ఆ మాట మనవారి మనసునకు నచ్చినది గనుకనే నిలిచినది. ఏ హరికథలోనైనను ఆ ఘట్టమున స్త్రీలు కన్నులు తుడుచుకొనుట మేమెఱుగుదుము. ఎంగిలి తిన్న దేవునికి హారతి యిచ్చి, ఇంటికి వచ్చి కోడలి కంచము వేఱు చేయుట మనకు తగునా?

ఈ సంఘముతో మాకు పరిచయము కలిగినది మా చదువు మూలమున. మేము బడికి పోయి చదివినవారము గాము. మా తండ్రిగారు ఇంటివద్దనే భారత భాగవతములును, అమరమును చెప్పిరి. ఆ చదువుతో మాకు చక్కగా అలవడినది ఒకటే, పత్రము వ్రాయుట. పింఛనునకు, రేషను కార్డునకు, బిడ్డ బడిప్రవేశమునకు అర్జీలు వ్రాయించుకొనుటకు వీధిలోనివారు మా యింటికి వచ్చుచుందురు. అట్లు వచ్చిన ఒక నడివయసు స్త్రీ, తన యర్జీ ముగిసిన తరువాత, “అమ్మా, మా సంఘంలో ఇసొంటి కాయితాలు చాలా ఉన్నయి. ఆదివారం ఓ గంట రాగలరా?” యని యడిగెను. మా వారి నడిగి వెళ్ళితిమి. ఆదివారపు మధ్యాహ్నములు వెళ్ళుచునే యున్నాము.

ఆ సంఘము పేరు మేము వ్రాయము. వారి యింటి ముందు వ్యాధి పేరుగల బోర్డు లేదు. ఉండరాదనియు వారి నియమము. రెండు గదుల అద్దె యిల్లు; గోడకు ఒక గడియారము; ఒక చాప; ఒక ఇనుప బీరువా; దాని తాళపుచెవి ఒక్కరివద్దనే యుండును, ఏలయన లోన పేర్లుగల పుస్తకములున్నవి. అచ్చటికి రోడ్డువెంట దేహమమ్ముకొని పొట్టపోసికొను స్త్రీలు వత్తురు. మనము చూచి మొగము త్రిప్పుకొను హిజ్రాలు వత్తురు. లారీ డ్రైవర్లు, క్లీనర్లు వత్తురు. భర్తలు పోయిన యిల్లాండ్రు, తాతల వ్రేలు పట్టుకొని బిడ్డలు వత్తురు. మమ్ము పిలిచిన ఆ స్త్రీని అందరును అక్క యందురు. ఆమెయు ఒకప్పుడు రోడ్డు నాశ్రయించిన బ్రదుకే. పదునైదేండ్లుగా మాత్ర వేసికొనుచు ఆరోగ్యముగా నున్నది. ప్రభుత్వమువారు రాష్ట్రపు ఎయిడ్స్ నియంత్రణ సంస్థల ద్వారా ఇట్టి సంఘములకు కొంత ధనమిచ్చి, ఆయా బ్రదుకుల నుండి వచ్చినవారినే కార్యకర్తలుగా నియమించుట ఒక పద్ధతి. అందులోని యుక్తి మాకు క్రమముగా బోధపడినది. మేము వెళ్ళి చెప్పిన వినని మాట, అక్క చెప్పిన విందురు.

వారి పని వినుటకు చిన్నది. అనుమానమున్నవారిని పరీక్షకు తీసికొనిపోవుట; ఫలితము వినునపుడు గది వెలుపల కూర్చుండుట; మొదటిమాఱు మందునకు పోవునపుడు బస్సులో తోడుండుట. అడవిగూడెము నుండి కాలినడకను రోడ్డునకు వచ్చి, బస్సెక్కి ఆసుపత్రికి బోయి, వరుసలో నిలిచి, మఱల చీకటిపడక ముందు గూడెము చేరుట యొక దినపు కూలి పోగొట్టుకొనుట గదా! ఆ తెలుగు రానివారికి కోయమాటలో వివరించుటకు ఒక యువకుడున్నాడు. రోడ్డు స్త్రీలకు కండోములు పంచుదురు. పోలీసులో, రౌడీలో కొట్టినపుడు వెంట నిలుతురు. మందు తీసికొనవలసిన తేదీకి రానివారి జాబితా చూచి, వారేలరాలేదో విచారింతురు. విచారించుటకు ఇంటికి పోవుటలోనే కష్టము. ఒకనాడు గాజులమ్మువారివలె, ఒకనాడు పాతచుట్టమువలె పోవలయును. సంఘమున జేరువారు మొట్టమొదట నేర్చుకొను పాఠము, ఒకరి రహస్యమును ప్రాణమువలె కాచుట.

ఒక సంగతి చెప్పెదము. గుర్తులు కొన్ని మార్చి చెప్పుచున్నాము. ఆ యిల్లాలి యనుమతి తీసికొనియే చెప్పుచున్నాము. ఆమె యిరువదియైదేండ్ల చిన్నది. భర్త లారీ నడపెడివాడు. కడుపుతో నున్నపుడు ప్రభుత్వాసుపత్రిలో చేసిన పరీక్షలో ఆమెకు వైరసున్నట్లు తెలిసినది. మందు మొదలిడిరి, పుట్టిన బిడ్డకు ఆఱువారములు మందుచుక్కలు వేసిరి, పదునెనిమిదవ నెలలో చేసిన పరీక్షలో బిడ్డకు వైరసు లేదని తేలెను. ఏ మందును లేనియెడల నూఱుగురు బిడ్డలలో పదునైదుగురు మొదలు నలువదియైదుగురి వఱకు సోకు అవకాశము గలదు. తల్లి మందు సరిగా వాడిన అది అయిదుగురికి లోపే. ఆ తల్లి తన బిడ్డను అట్లు కాపాడుకొన్నది. భర్త మాత్రము పరీక్షకు రాలేదు, మందు ముట్టలేదు. జ్వరముతో పోయినాడు.

అతడు పోయిన మూడవనాడు అత్తగారు కోడలికి వేఱు కంచము పెట్టెను. “నీ మూలాన పోయిండు” అనెను. బిడ్డను తల్లి ప్రక్కన పండనీయలేదు. కోడలు మారుమాటాడక వసారాలో నుండి, మాత్రలను మినపపప్పు డబ్బాలో దాచి, రాత్రి అందరు నిద్రించిన తరువాత వేసికొనుచుండెను. సంవత్సరీకమునకు బంధువులు వచ్చి పండ్రెండు దినములుండిరి. వంటయింట ఎప్పుడును ఎవరో యుండిరి. డబ్బా చేతి కందలేదు. మాత్రలు ఆగినవి. పిమ్మట, ఇన్నాళ్ళు మానితినని ఆసుపత్రిలో కోపపడుదురను వెఱపుతో పోవుటయే మానినది. రెండు నెలలు గడచినవి. దగ్గు పట్టుకొన్నది.

ఒక సాయంకాలము అక్క మా యింటికి వచ్చి, “అమ్మా, నేను పోతే ఆ యింటిముందు పదిమంది చూస్తరు. మీరు పోతే ఎవరూ ఏమనుకోరు. ఆ పిల్లే ఫోనులో మీ పేరు చెప్పింది” అనెను. ఆ చిన్నదాని విధవాపింఛను అర్జీ వ్రాసినది మేమే. మఱునాడు ఆ యర్జీ మిషతో వెళ్ళితిమి. ఆమె చేతులు వేడిగా నున్నవి. జాకెట్టు భుజమునుండి జాఱుచున్నది. అత్తగారితో, పింఛనుపని మీద కోడలిని పట్టణమునకు తీసికొనిపోవలెనని చెప్పి, మఱునాడుదయమున అక్కయు, ఆమెయు, మేమును బస్సెక్కితిమి. ఆసుపత్రిలో ఆమెపై ఎవరును కోపపడలేదు. కఫపరీక్షలో క్షయ యని తేలినది. ఈ వైరసు గలవారిని పొంచియుండి పట్టు జబ్బులలో క్షయ మొదటిది. ఆఱునెలల మందు మొదలిడి, రెండు మూడు వారముల తరువాత ఏ.ఆర్.టి. మాత్రలను మఱల నిచ్చిరి. ఇంకొక నెల ఆలస్యమైన చేతికి దక్కెడిది కాదని డాక్టరమ్మ మాతో ననెను.

క్షయ యని వినినపుడు అత్తగారు వచ్చి మా గుమ్మమున కూర్చుండెను. బిడ్డకు సోకునా యని ఆమె భయము. దగ్గునప్పుడు నోటికి బట్ట కట్టుకొనుట, గాలివెలుతురు గల చోట నుండుట, ఇంటివారందఱు పరీక్ష చేయించుకొనుట, ఇవన్నియు చెప్పితిమి. తరువాత కంచము మాట మేమే యెత్తితిమి. కంచమునకును ఈ రెండు వ్యాధులకును సంబంధము లేదని చెప్పితిమి. ఆమె చాలసేపు కొంగు నలుపుచు కూర్చుండి, “నా కొడుకే తెచ్చిండని ఏ నోటితో చెప్పుకోను అమ్మా? అందుకే దాని కంచం వేరు చేసిన” అనెను. ఆమెకు తెలియదని మేమనుకొనుచుంటిమి. ఆమెకు మొదటినుండియు తెలియును! చచ్చిన కొడుకు పేరు నిలుపుటకు బ్రదికిన కోడలిని వెలివేసినది. ఆ మాట విన్న తరువాత ఆమెను కఠినురాలని తలచుటకు మాకు మనసొప్పలేదు. కొడుకు పేరు చెడకుండ కోడలిని బ్రదికించు మార్గము గలదనియు, అది రహస్యము బయటబెట్టని కలిసి తినుటయే యనియు చెప్పి పంపితిమి. మూడు నెలలకు చాప లోపలికి వచ్చినది. కంచము సంగతి మేమడుగలేదు. కాని యొకనాడు ఆ పసిది మా యరుగుపై ఆడుకొనుచు, “నేను అమ్మ కంచంలో తిన్న” అని గొప్పగా చెప్పుకొనెను.

మా యింటిలోను ఈ పరీక్ష తప్పలేదు. మా అత్తగారు డెబ్బదియేండ్లవారు. మడి, ఆచారము గలవారు. అక్క మా యింటికి వచ్చిపోవుట మొదలైన తరువాత ఆమె ఎవరని అడిగిరి. అక్క తన సంగతి దాచుకొనదు గనుక ఉన్నదున్నట్లు చెప్పితిమి. అత్తగారు కొంతసేపు మాటలాడలేదు. పిదప, “ఆమె త్రాగిన గ్లాసు ఏది?” అని యడిగిరి. “అన్నిటితో గలిపి కడిగితిమి, అత్తయ్యగారూ, ఇప్పుడు ఏదో మాకును తెలియదు” అంటిమి. మా వారు వార్తాపత్రిక వెనుకనుండి చూచుచుండిరి. ఆ సాయంకాలము వంటయింటి గట్టుపై ఆఱు గ్లాసులు బోర్లించియున్నవి. అత్తగారు వచ్చి, వానివంక చూచి, ఒకటి తీసికొని, కాఫీ పోయుమని మా కందించిరి. అంతకంటె ఆమె యేమియు అనలేదు, మేమును అడుగలేదు.

ఇచ్చట కొందఱు సోదరీమణులు, భర్తవలన పొందిన యిల్లాండ్రయెడ జాలి సరియే. రోడ్డు స్త్రీలయెడ మన కేమి పని? యని యడుగవచ్చును. భారతమున అరణ్యపర్వమందలి కౌశికుని కథ మీరెఱుగనిది కాదు. చూపుతో కొంగను గాల్చిన ఆ తపస్వి గర్వమణచి, ధర్మము తెలిసికొనుటకు మిథిలలో మాంసమమ్ముకొను ధర్మవ్యాధునివద్దకు బొమ్మని పంపినది ఎవరు? ఒక గృహిణి. వృత్తినిబట్టి మనుష్యుని కొలువరాదని ఆ యిల్లాలు అన్నాళ్ళ క్రిందటనే యెఱుగును. మేము సంఘమున జూచిన రోడ్డు స్త్రీలలో పదుమూడేండ్లకే మోసపోయి అమ్మబడినది యొకతె. తాగుబోతు మగనినుండి పాఱిపోయి, బిడ్డల పాలకొఱకు చేయిచాచినది యొకతె. వారు తమ యాదివారపు కూడికలో, కండోము లేనిదే ఎవరును ఒప్పుకొనరాదని కట్టుబాటు చేసికొన్నారు. ఆ కట్టుబాటువలన కాపాడబడునది వారు మాత్రమేనా? ఆ మగవారు తిరిగి చేరు ఇండ్లలోని యిల్లాండ్రుగూడ గదా!

ఇట్టి కట్టుబాట్లు వృథా కావని తెలుపు నిదర్శనములు గలవు. కలకత్తాలోని సోనాగాఛీలో 1992లో డాక్టరు స్మరజిత్ జానా గారు ఆ స్త్రీలనే కార్యకర్తలుగా జేసి పని ప్రారంభింపగా, 1995లో వారు దుర్బార్ మహిళా సమన్వయ కమిటీ యను తమ సంఘమును తామే స్థాపించుకొనిరి. తమిళనాట పెరియసామి కౌసల్య గారు భర్తవలన వైరసు పొంది, మొగము దాచుకొనక లోకమునకు చెప్పి, 1998లో మద్రాసున తనవంటి స్త్రీలతో సంఘము నేర్పఱచిరి. మన తెలుగునాట సరస్వతీ గోరా గారి కుటుంబమువారు 1969లో విజయవాడయందు నెలకొల్పిన వాసవ్య మహిళా మండలి, ఈ వైరసు సోకినవారి యిండ్లకు బోయి సేవచేయుటయు, వారి బిడ్డలను ఆదరించుటయు తన పనులలో జేర్చుకొనెను. మా యడవియంచున నున్న రెండు గదుల సంఘము వీరందఱికంటె చిన్నది. పని మాత్రము అదియే.

చట్టమును తోడున్నది. 2017లో పార్లమెంటు చేసి, 2018 సెప్టెంబరు 10 నుండి అమలైన చట్టమునుబట్టి, వైరసు గలదను నెపమున ఎవరినైనను ఉద్యోగమునుండి, బడినుండి, ఆసుపత్రినుండి, అద్దెయింటినుండి వెడలగొట్టరాదు. సమ్మతిలేక పరీక్ష చేయరాదు. ఫలితమును ఇతరులకు తెలుపరాదు. కలిసియున్న యింటిలో నివసించు హక్కు అట్టివారికి గలదు. అనగా కోడలిని గడప బయటకు నెట్టుట చట్టవిరుద్ధము. 2022 మే నెలలో దేశపు సర్వోన్నత న్యాయస్థానము, దేహమమ్ముకొని బ్రదుకు స్త్రీలకును గౌరవముగా జీవించు హక్కు గలదని పోలీసులకు హెచ్చరిక చేసెను. తెలంగాణమున 2014లో మొదలైన ఆసరా పింఛనులలో ఈ వ్యాధిగ్రస్తులనుగూడ జేర్చిరి. ఈ సంగతులు తెలియని వారికి చదివి చెప్పుట చదువుకొన్న స్త్రీకి సులభమైన సేవ. చట్టము గడపవఱకు తీసికొనివచ్చును. లోపల పీట వేయవలసినది మనమే.

సోదరీమణులారా! మీచేత గొప్ప త్యాగములు చేయింపవలెనని మేము వ్రాయుట లేదు. ఇంట కోడలో, కూతురో గర్భవతియైన, మొదటి నెలలలోనే మిగిలిన పరీక్షలతోబాటు ఈ పరీక్షయు చేయింపుడు, ప్రభుత్వాసుపత్రులలో ఉచితము. పెండ్లికి ముందు వధూవరులిద్దఱును తమ యిష్టముతో చేయించుకొనుట సిగ్గుపడవలసిన పని గాదు. రెండు వారములకు మించి దగ్గున్న, కఫపరీక్షకు పంపుడు. సూది వేయించుకొనునపుడు క్రొత్తది విప్పి వాడుచున్నారో లేదో చూడుడు. సందేహములున్న 1097 అను ఫోను నంబరునకు డబ్బులేకయే మాటలాడవచ్చును, పేరు చెప్పనక్కఱలేదు. మీ ఎఱుకలో ఎవరికైన ఈ వ్యాధియున్నదని తెలిసిన, అది మీ నోటనే ఆగిపోవలెను. వారు మీ యింటివారే యైన, మాత్రలడబ్బా ఉప్పుడబ్బా ప్రక్కన, అందఱి కంటబడుచోట నుంచి, వేళకు ఒక గ్లాసు నీళ్ళిచ్చి, “వేసికొంటివా అమ్మా?” యని యడుగుడు. ఆ ప్రశ్న వినని మాత్రలెన్నో పప్పుడబ్బాలలో వ్యర్థమైపోవుచున్నవి.

మందు ప్రభుత్వమిచ్చును. బస్సులో తోడు సంఘమిచ్చును. ఆ రెండును మా యడవిగూడెముల వఱకు చేరుచున్నవి. వాటిని దాటి మిగిలిన దూరము వసారానుండి వంటయింటి వఱకే. దానిని తగ్గించుటకు ఏ దొరతనమును, ఏ సంఘమును లోనికి రాజాలదు. అది మన యేలుబడి. అచ్చట కంచములు వేయునది మనమే.